రెండు పక్కలా ఇరుసు

మెట్ల కింది చిన్న గది. గోడవార ఆగిపోయిన డ్రయరు, దాని ముందు తడిబట్టల బుట్ట. బయట వాన. భార్యాభర్తలిద్దరు.

“మాట రాదండీ, రేపట్నుంచి.”

“మోటారా? రేపొస్తుందా? నీకెవరు చెప్పారు?”

“మోటారు కాదు. మాట. నా మాట. రాదు.”

“అదే, నీ మోటా...”

“గొంతండీ, గొంతు! రేపు పొద్దున్న నా గొంతుకి ఆపరేషను. ఆ తర్వాత నెలరోజులు పెదవి కదపకూడదు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు చెప్పాలి? ఉన్న కాస్త గొంతూ మీకు చెప్పడానికే అరిగిపోతోంది.”

“ఓ, అదా. నీ గొంతు అంత బొంగురుపోతే మాటేదో మోటారేదో నాకెలా తెలుస్తుందే? సరేలే. చిన్న ఆపరేషనేగా?”

“చిన్నదే. కాయలు కోస్తారు.”

“కాయలేమిటి?”

“గొంతులో కాయలు కాశాయట.”

“చేతికి కాయలు కాయడం విన్నాను గానీ, గొంతుకి కూడా కాస్తాయా?”

“మోస్తే కాస్తాయి. చేత్తో బరువు మోస్తే చేతికి, గొంతుతో మాటలు మోస్తే గొంతుకి. ఆసుపత్రిలో టెలిఫోను దగ్గర కూర్చుని పొద్దస్తమానం వాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ మోస్తాను. ఇంటికొస్తే మీ మాట మీ తమ్ముడికీ, మీ తమ్ముడి మాట మీకూ. అక్కడ జీతమన్నా ఇస్తారు.”

“అబ్బ, మళ్ళీ అక్కడికే వెళ్ళకు.”

“వెళ్ళకేం చెయ్యను? ఒకే ఇల్లు. కింద మీరు, పైన అతను, నడుమ మెట్లు, ఆ మెట్ల మీద నేను. ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి ఒక్క మాట లేదు. నేను నోరు మూసుకుంటే ఈ ఇల్లెలా నడుస్తుందో ఆలోచించారా?”

“ఆలోచించాను. పలక కొనిస్తాను.”

“పలకా?”

“పలకలేనివాళ్ళకి పలక! హహ్హ. రాసి చూపిద్దువుగాని. పలకా, పలకా, పలకవే అని...”

“నవ్వొస్తోంది గానీ నవ్వే ఓపిక లేదు. వినండి. నేను రాయను. చేతులూపను. కళ్ళు కూడా తిప్పను. మీరు ట్యాంకు నింపాలన్నా, అతను కరెంటు పోయిందన్నా, ఒకరికొకరు చెప్పుకోవలసిందే. ఆసుపత్రిలో నన్ను చేర్చేది మీరు, రాత్రికి తోడుండేది అతను. ‘ఇప్పుడు నువ్వు రా’ అని ఎవరు చెప్తారు? నర్సా?”

“నర్సు చెప్తే తప్పేముంది?”

“ఛీ. అందుకే పిలిచాను. ఇవాళ ఈ డ్రయరు ఇద్దరూ కలిసి బాగుచెయ్యాలి. ఆసుపత్రికి పట్టుకెళ్ళే బట్టలన్నీ తడిగా ఉన్నాయి, వాన వదిలేలా లేదు. నా కళ్ళ ముందు మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే నేను నిశ్చింతగా పడుకుంటాను. అదిగో, దిగుతున్నాడు. రా చిన్నోడా, రా.”

“వచ్చా వదినా. ఏమైంది మళ్ళీ దీనికి? నీ గొంతేంటి, పొద్దున్నకంటే పాడైంది? వేడినీళ్ళు తాగరాదూ.”

“తాగుతా. ముందు దీని సంగతి చూడండి ఇద్దరూ.”

“ఇదిగో, మీ మరిదితో చెప్పు. స్విచ్చు వేస్తే గుయ్యిమంటోంది, తిరగట్లేదు అని.”

“అతను ఇక్కడే ఉన్నాడు. మీ భుజం అతని భుజానికి తగులుతోంది.”

“చెప్పవే.”

“గుయ్యిమంటోందట చిన్నోడా. తిరగట్లేదట.”

“చేత్తో డ్రమ్ము తిప్పి వదిలితే తిరుగుతోందేమో అడుగు వదినా.”

“విన్నారుగా?”

“నేనేం వినలేదు.”

“డ్రమ్ము చేత్తో తిప్పితే తిరుగుతోందా, అండీ?”

“తిరుగుతుంది, కాసేపు. ఒళ్ళు వేడెక్కగానే ఠక్కున ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ తిరుగుతుంది. అచ్చం మీ మరిది లాగే అని చెప్పు.”

“వేడెక్కగానే ఆగుతుందట.”

“ఇంకేదో కూడా అన్నట్టున్నాడు?”

“అంటే విన్నావన్నమాట!”

“లేదు లేదు వదినా. నువ్వు చెప్పిందే నాకు లెక్క. సరే, ప్లగ్గు పీకమను. పైమూత తీద్దాం.”

“పీకండి.”

“పీకాను. పీకేశానని చెప్పు. మూతకి ఆ పక్క మరలు వాణ్ణి తియ్యమను, ఈ పక్కవి నేను తీస్తా.”

“దేవుడా. తియ్యి నాన్నా.”

“తీశా. ముందు తలుపు కూడా ఊడదీయాలి వదినా. అదీ వచ్చింది. డ్రమ్ము ఎత్తి పట్టుకోమను, నేను కింద నుంచి బెల్టు లాగేస్తా. బెల్టు తీసేస్తే తెలిసిపోతుంది, జబ్బు డ్రమ్ముదా మోటారుదా అని.”

“ఎత్తండి.”

“ఎత్తా. త్వరగా కానిమ్మను, నడుం పట్టేస్తోంది. ఏమైంది? ఎందుకు నవ్వుతున్నాడు వాడు?”

“ఎందుకు నవ్వుతున్నావురా?”

“నవ్వట్లేదు వదినా, ఆశ్చర్యపోతున్నా. ఈ బెల్టు వీణతీగలా ఇలా బిగించింది ఎవరు? ఈ స్ప్రింగు నేను పోయిన వారమే వదులు చేశానే!”

“ఏమిటీ? స్ప్రింగు వాడు వదులు చేశాడా? అడుగు, అడుగు! బెల్టు జారుతోందని నేను పొద్దున్నపూట లైబ్రరీకి వెళ్ళే ముందు బిగిస్తుంటే, వీడెప్పుడు వదులు చేశాడు?”

“సాయంత్రాలు. డ్రైవింగ్ స్కూలు మూసి వచ్చాక. డ్రమ్ము బిగుసుకుపోతోందని వదులు చేశా. మళ్ళీ మర్నాటికి బిగిసే ఉంటుంది. దీనికేదో దయ్యం పట్టిందనుకున్నా.”

“దయ్యం పొద్దున్నపూట వస్తుందని తెలియదా మీ మరిదికి? అద్దాలు పెట్టుకుని లైబ్రరీకి వెళ్తుందది.”

“ఇక వేడిగాలి గొట్టం? అది కిటికీ వైపు తిప్పింది కూడా అన్నయ్యేనా, అడుగు వదినా.”

“నేనే. తడి ఆవిరంతా గదిలోకొచ్చి గోడ చెమ్మగిల్లుతోందని.”

“ఆ ఆవిరి కిటికీలోంచి తిన్నగా పైకెక్కి నా గదిలోకొస్తోందని నేను అందులో పాతలుంగీ కుక్కాను.”

“లుంగీ కుక్కావా! అంటే... కుక్కాడా! గాలి పోయే దారిలో లుంగీ కుక్కాడటే, వింటున్నావా?”

“వింటున్నాను. ఒకరు బిగించారు, ఒకరు ఊపిరాడకుండా చేశారు. అది పాపం ఎన్నాళ్ళని తిరుగుతుంది? ఇద్దరూ దాన్ని బాగుచేసి బాగుచేసి చంపారు.”

“సరే. వదినా, ఇప్పుడు బెల్టు లేదు కదా. మోటారు ఇరుసుని వేళ్ళతో తిప్పి చూస్తున్నా. గరగరా అంటోంది. ఇక్కడ పట్టేస్తోంది. వాసన చూడు, మాడు వాసన.”

“ఏదీ, నన్ను తిప్పనివ్వమను. ఊఁ. బేరింగు పోయింది. బేరింగు అంటే ఏమిటో తెలుసా? భరించేది. భరించింది, భరించింది, అరిగిపోయింది.”

“మీరు ఆ మాట నా మొహం చూస్తూ ఎలా అనగలిగారండీ?”

“ఏమన్నాను ఇప్పుడు?”

“ఏమీ లేదులెండి. మోటారు మార్చాలి అంటారు, అంతేగా?”

“మార్చాల్సిందే. అయితే... నువ్వు మరోలా అనుకోకు. ఒక మోటారు... మన మంచం కింద... అట్టపెట్టెలో...”

“వదినా, నేను బయటికెళ్ళి ఒక్క నిమిషంలో వస్తా. మోటారు ఒకటి తెచ్చి ఉంచా. కారు డిక్కీలో తిరుగుతోంది చాన్నాళ్ళుగా.”

“ఏమిటీ! వాడూ తెచ్చాడా? నీకు తెలుసా?”

“తెలుసు.”

“నాకు చెప్పలేదే!”

“అతను ‘అన్నయ్యకి చెప్పకు’ అన్నాడు.”

“మరి నేను తెచ్చానని వాడికైనా...”

“మీరు ‘వాడికి చెప్పకు’ అన్నారు. నేను నమ్మకమైన టెలిఫోను మనిషిని. చెప్పమన్నది చెప్తాను, చెప్పొద్దన్నది చెప్పను. ఒక చచ్చిన మోటారుకి రెండు కొత్త మోటార్లు, మధ్యలో తడిబట్టలతో నేను. తీసుకురండి, రెండూ తీసుకురండి.”

“ఇదిగో నాది. ఎలా ఉంది? పాతసామాన్ల కొట్లో బేరమాడి తెచ్చాను. కొత్తదానిలా మెరిసిపోవట్లా?”

“మెరుస్తోంది వదినా, కానీ ఒకవైపే ఇరుసుంది. ఇది ఏ నీళ్ళ పంపుదో. డ్రయరు మోటారుకి రెండు పక్కలా ఇరుసుండాలి. ఈ పక్కది బెల్టుతో డ్రమ్ముని తిప్పుతుంది, ఆ పక్కది ఫ్యానుని తిప్పుతుంది. నాది చూడు, రెండు పక్కలా ఉంది.”

“అంటే వీడు చెప్పేది... నేను తెచ్చింది పనికిరాదనా?”

“పనికొస్తుంది. నీళ్ళు తోడుకోవచ్చని చెప్పు.”

“ఏదీ, ఆ పాతది ఇటివ్వు చిన్నోడా, చూస్తాను. నడుమ ఒంటరిగా కూర్చుని ఆ పక్క ఒకరినీ ఈ పక్క ఒకరినీ తిప్పుతుందా ఇది? ఆ రెండూ మాత్రం ఒకదాన్నొకటి తాకవా?”

“తాకవు వదినా.”

“కాలిపోదూ మరి.”

“ఎందుకే అలా చూస్తావు దాన్ని? ఇచ్చెయ్. పని కానీ.”

“కానివ్వండి. ఫ్యాను పాత ఇరుసు మీదే ఉంది కదా, అది ఊడాలిగా?”

“ఊడాలి. అదే తిరకాసు. ఒకరు ఈ పక్క ఇరుసుని పానాతో పట్టుకోవాలి, ఒకరు వెనక నుంచి ఫ్యానుని తిప్పాలి. అన్నయ్యని పట్టుకోమను. నేను వెనక్కి వెళ్తా. ఈ ఫ్యాను మర తలకిందులుగా ఉంటుంది వదినా. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అది ఆయనకి చెప్పు.”

“తలకిందులుగా ఉంటుందట.”

“మనింట్లో ఏది తిన్నగా ఉంది గనక? పట్టుకున్నా. ఎడమకి తిప్పమను.”

“ఎడమకట.”

“ఎవరి ఎడమ? ఆయన ఎడమా, నా ఎడమా? నేను ఈ వైపున్నా కదా.”

“ఎవరి ఎడమండీ?”

“నాది! కాదు, ఉండు. వాడిది. నాకు ఎడమ అయితే వాడికి కుడి... మేమిద్దరం ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళం, ఎడమేదో పెడేదో ఎలా తెలుస్తుందే?”

“ఏదో ఒకటి చెప్పండి, గొంతు మండుతోంది.”

“వాడి ఎడమకే.”

“నీ ఎడమకేనట.”

“తిప్పుతున్నా. బిగుస్తోంది వదినా.”

“బిగుస్తోందట.”

“ఆపమను.”

“ఆపమంటున్నారు.”

“ఆపా. ఆయన చెప్పి నువ్వు చెప్పేసరికి చుట్టు తిరిగిపోయింది. కార్లో నా పక్కన కూర్చున్న కుర్రాళ్ళకి బ్రేకు అనగానే కాలు పడాలని నేర్పుతానా, ఇక్కడ బ్రేకు వేరే ఊళ్ళో ఉన్నట్టుంది.”

“అందుకే చెప్తున్నాను, ఇక నేను చెప్పను. ఇద్దరూ వినండి. ఇదిగో, ఈ బట్టల బుట్ట బోర్లించి కూర్చుంటున్నాను. ఇక నా నోట ఒక్క ముక్క రాదు. రేపట్నుంచి రానిది ఇప్పట్నుంచే రాదనుకోండి.”

“ఏమే, అలా మధ్యలో... సగం పని మీదుంటే! ఏమే? చూశావా... అంటే, చూశాడా వాడు, ఎలా కూర్చుందో?”

“వదినా, ఒక్క ఈ ఫ్యాను ఊడేదాకా. వదినా! ఇటు తిరుగు. కళ్ళు మూసుకుంది.”

“హుఁ. ఎవరికో చెప్తున్నట్టు కాదు, గోడకి చెప్తున్నాను: నేను ఈ పక్క గట్టిగా పట్టుకున్నాను. వెనకున్నవాళ్ళు, ఎవరైతే వాళ్ళు, మెల్లగా తిప్పవచ్చు.”

“నేనూ గోడకే చెప్తున్నా. గోడా, గోడా, ఈసారి రెండో వైపు తిప్పుతున్నానహో.”

“గోడా, మెల్లగా అన్నాను.”

“గోడా, మెల్లగానే తిప్పుతున్నా.”

“గోడా, పానా జారుతోంది... చెయ్యి పెట్టి... ఆ! ఆపరా! ఆపు ఆపు ఆపు! వేలు! నా వేలురా!”

“ఆపా, ఆపా! అన్నయ్యా, లాగకు! చెయ్యి లాగకు, చర్మం ఊడొస్తుంది. నేను వెనక్కి తిప్పుతా. ఆఁ... ఇప్పుడు తియ్యి. మెల్లగా.”

“అబ్బా. అమ్మా. తీశాను.”

“ఏదీ చూపించు. ముడుచు. ముడుచుకుంటోందా? ఇంకోసారి. సరే, విరగలేదు, కమిలింది అంతే. ఆ తడితువ్వాలు చుట్టు. గట్టిగా కాదు.”

“చుట్టాను.”

“నొప్పిగా ఉందా?”

“ఉంది. ఏమిటలా చూస్తావు?”

“ఏం లేదు. ఇందాక ‘ఆపరా’ అన్నది... గోడతోనా?”

“గోడని ‘రా’ అంటానా? వేలు నలుగుతుంటే నేను మీ వదినకి చెప్పి, ఆవిడ నీకు చెప్పి, నువ్వు ఆలోచించి ఆపేసరికి నా వేలు ఆ కిటికీ గొట్టంలోంచి బయటికొచ్చేది.”

“అయితే నాతోనే అన్నావు.”

“నీతోనే అన్నాను. కేసు పెట్టుకో. ఫ్యాను ఊడిందా?”

“ఊడింది.”

“మరి నిలబడతావేం? కొత్త మోటారు ఇలా ఇవ్వు. ఒరేయ్ దున్నపోతా, ఆ తీగలు ముందు పీకు, తర్వాత బిగింపు పట్టీలు.”

“ఏమన్నావు?”

“తీగలు పీకమన్నాను.”

“దానికి ముందు.”

“దున్నపోతా అన్నాను. కొత్తేముంది? రోజూ అనేదేగా.”

“రోజూనా? నన్నెప్పుడన్నావు?”

“నీళ్ళ ట్యాంకు పొర్లినప్పుడల్లా. ‘ఆ దున్నపోతుని స్విచ్చు కట్టమను’ అని మీ వదినతో చెప్తూనే ఉన్నాను ఇన్నేళ్ళుగా.”

“‘ట్యాంకు నిండినట్టుంది నాన్నా, కాస్త చూడు’ అని చెప్పింది వదిన!”

“అలా చెప్పిందా?”

“ఎప్పుడూ అలాగే చెప్పింది. ‘నాన్నా’ లేకుండా ఒక్కసారీ చెప్పలేదు.”

“ఉండు. ఉండు ఉండు. నేను లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చి గేటు వేసినప్పుడు, ‘మీ తమ్ముడు మీరు భోంచేశారో లేదో అడిగాడండీ’ అనేదే మీ వదిన, అది?”

“నేను భోజనం సంగతి ఎప్పుడూ అడగలేదు. ‘ఆ గేటు అంత గట్టిగా వేసే బదులు తల కొట్టుకోమను’ అన్నాను.”

“తల కొట్టుకోమన్నావా?”

“ఏదో నిద్ర చెడిందని...”

“నేనేమో, వీడికి నా మీద ఇంత ప్రేముండి కూడా ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడేమిటా అని మథనపడేవాణ్ణి! ఏమే, కళ్ళు తెరువు. ఇదంతా నువ్వేనా? టెలిఫోను అనుకున్నాను, నువ్వు... నువ్వు వడపోత గుడ్డవా?”

“నవ్వుతోంది చూడు, కళ్ళు మూసుకునే నవ్వుతోంది. పని కానిద్దాం అన్నయ్యా, తర్వాత అడుగుదాం. పట్టీ నొక్కి పట్టుకో. ఎడంచేత్తో, దెబ్బతగిలింది కాదు.”

“నొక్కాను.”

“ఇంకా. ఆఁ, పడింది. ఫ్యాను ఎక్కిస్తున్నా. నువ్వు పట్టుకో. ఏ వైపు తిప్పనూ?”

“నీకు నచ్చిన వైపు తిప్పి చావు. కాదు కాదు, తలకిందులు కదా. నీ ఎడమ. నీ ఎడమరా.”

“ఎక్కింది. బెల్టు. డ్రమ్ము చుట్టూ తిప్పి కిందకి వదులు, నేనందుకుంటా. స్ప్రింగు ఎంత ఉంచమంటావు? నీ బిగువా, నా వదులా?”

“మధ్యస్థంగా ఉంచు.”

“అలాగే.”

“లుంగీ తీసెయ్ ముందు.”

“తీసేశా. ఇదిగో. నల్లగా మాడిపోయింది.”

“దాన్ని బయట పడెయ్, మీ వదిన చూస్తే ఉతికి ఆరేస్తుంది. గొట్టంలో పేరుకున్న నూగు కూడా తీసెయ్. దిండు కుట్టించుకోవచ్చు ఇంత నూగుతో. ఆఁ, ఇక ప్లగ్గు పెట్టు.”

“పెట్టా. స్విచ్చు నువ్వు వెయ్యి.”

“నువ్వే వెయ్యి, మోటారు నీది.”

“పెద్దవాడివి నువ్వు.”

“వేలు నలిగినవాణ్ణి కూడా. వేస్తున్నా... ఒరేయ్.”

“తిరుగుతోంది.”

“చప్పుడే లేదురా. ఆరబెడుతుందని కొంటే ఇన్నాళ్ళూ ఆరడి పెట్టింది. ఇప్పుడు చూడు, పిల్లిలా తిరుగుతోంది. ఏమే, నీ బట్టలు వేస్తున్నాం, ఆ బుట్ట మీంచి లే. లేచింది. చూశావా, మాట్లాడకపోయినా మాట వింటుంది.”

“అన్నయ్యా, ఒక మాట అడగనా?”

“ఇప్పుడు ఎవరి ద్వారా అడుగుతావు? అడుగు.”

“ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు నాతో?”

“ఏ రోజు?”

“నేను సొంతంగా స్కూలు పెట్టిన రోజు. బోర్డు బిగించి, అందరికంటే ముందు నీకు చూపించాలని పరిగెత్తుకుంటూ వచ్చా. నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. ‘అన్నయ్యా, మన బోర్డు వచ్చి చూడవా’ అన్నాను. నువ్వు మూతి బిగించి, చెంప మీద చెయ్యి పెట్టుకుని, నన్ను పైనుంచి కిందకి చూసి లోపలికెళ్ళిపోయావు. నీకు ఇష్టంలేదని అర్థమైంది. ఆ క్షణమే అనుకున్నా, ఇక ఈయనతో మాట్లాడితే ఒట్టు అని.”

“చెంప మీద చెయ్యా?”

“ఆ. మొహం కూడా ఉబ్బించుకుని ఉన్నావు.”

“ఏ చెంప?”

“నాకేం గుర్తు? ఇదేననుకుంటా.”

“పన్నురా! పన్ను! ఆ రోజు నేను జ్ఞానదంతం పీకించుకుని వచ్చాను. నోటినిండా దూది. నోరు తెరిస్తే రక్తం కారుతుందని, సాయంత్రం దాకా పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. మొహం ఉబ్బించుకోవడం కాదురా, ఉబ్బింది! నువ్వేం అన్నావో కూడా నాకు సరిగ్గా వినపడలేదు, తల దిమ్మెక్కిపోయి ఉంది.”

“పన్నా?”

“జ్ఞానదంతం.”

“మరి మర్నాడైనా చెప్పొచ్చుగా!”

“మర్నాడు పైకొచ్చాను. బోర్డు బాగుందని చెబుదామనే వచ్చాను, పొద్దున్నే వెళ్ళి చూసొచ్చాను కూడా. నువ్వు నన్ను చూసి తలుపేసుకున్నావు. ‘ఓహో, సొంత స్కూలు పెట్టగానే వీడికి అన్న కనపడట్లేదు’ అనుకున్నాను. వాడు పలకరించేదాకా నేనెందుకు పలకాలని...”

“నేనేమో నువ్వు పలకరించేదాకా నేనెందుకని...”

“వదిన అడిగింది కదురా నిన్ను, ఎందుకు మాట్లాడట్లేదని?”

“అడిగింది. ‘ఆయన్నే అడుగు, ఆయనకే తెలుసు’ అన్నాను.”

“నేను ‘వాడికే తెలుసు’ అన్నాను.”

“ఎవరికీ తెలియదన్నమాట.”

“దంతం పీకించుకున్నాను సరే, దాంతోపాటు జ్ఞానం కూడా డాక్టరు దగ్గరే వదిలేసి వచ్చినట్టున్నాను.”

“నాకు అసలు మొలవనే లేదన్నయ్యా.”

“ఏమే, విన్నావా? ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో నీ చేత మోయించింది ఇంత దూది ముక్కనే! ఏదైనా అనవే. తిట్టు. ఇవాళ్టిదాకా మాట్లాడొచ్చుగా, రేపట్నుంచే కదా.”

“వదినా, మా మీద కోపమా? కోపంగా ఉండాల్సిందే. నీ గొంతు మేమే పాడుచేశాం. రేపు ఆసుపత్రికి ఇద్దరం కలిసే వస్తాం. నేను ఉంటానో అన్నయ్య ఉంటాడో మేమే మాట్లాడుకుంటాం, నువ్వు దిగులుపడకు.”

“అంతే. ట్యాంకు సంగతీ గేటు సంగతీ మేమే చూసుకుంటాం. పాపం, ఆ డాక్టరుకి జాలి లేదురా, ఇంత చిన్న ఆపరేషనుకి నెలరోజులు నోరు కట్టేయడమేమిటి! నువ్వెలా ఉంటావే అన్నాళ్ళు?”

“వారం చాలన్నాడండీ డాక్టరు. నెల రాయమని బతిమాలింది నేనే.”